ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) పరీక్షల స్కోర్లను దరఖాస్తుకు ముందే అమెరికా కాలేజీలకు పంపాలా?

మీ ప్రశ్నలోని వివరాలను ముందు ఒకసారి చెప్పుకుంటే, ఇదే సందేహంతో ఉన్న మిగతా తల్లిదండ్రులకూ ఈ సమాధానం ఉపయోగపడుతుంది. మీ అమ్మాయి టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఈ ఆగస్టులో పన్నెండో తరగతిలోకి వచ్చింది. కంప్యూటర్ సైన్స్ చదవాలనుకుంటోంది. ఇప్పటివరకు ఆరు ఏపీ పరీక్షలు రాసింది, అంటే హైస్కూల్లో ఉండగానే రాసే కాలేజీ స్థాయి పరీక్షలు, వీటిలో స్కోరు 1 నుంచి 5 వరకు ఉంటుంది. తొమ్మిదో తరగతిలో హ్యూమన్ జాగ్రఫీలో 2, పదో తరగతిలో వరల్డ్ హిస్టరీలో 3, పదకొండులో క్యాలిక్యులస్ బీసీ, కంప్యూటర్ సైన్స్ ఏ రెండింటిలోనూ 5, ఫిజిక్స్ 1లో 4, ఇంగ్లీష్ లాంగ్వేజ్‌లో 3 వచ్చాయి. దరఖాస్తు చేసే ముందే ఈ స్కోర్లన్నీ పన్నెండు కాలేజీలకూ పంపాలని, అలా పంపితే ఆ కాలేజీ మీద ఆసక్తి ఉన్నట్టు వాళ్లు లెక్క వేస్తారని మీ బంధువులు చెప్పారు. జూన్‌లో ఉచితంగా పంపే గడువు దాటిపోయిందని మీరు బాధపడుతున్నారు. ఆ 2ను రద్దు చేయించాలా అని కూడా అడిగారు.

నా సమాధానం స్పష్టంగానే చెబుతాను. దరఖాస్తుకు ముందు, ఈ పరీక్షలు నిర్వహించే కాలేజ్ బోర్డ్ ద్వారా అధికారిక రిపోర్టు ఏ కాలేజీకీ పంపకండి. మీకు నచ్చిన స్కోర్లను మీ అమ్మాయే దరఖాస్తులో నమోదు చేయాలి. వచ్చే ఏడాది మే నెలలో ఏ కాలేజీలో చేరాలో తేలిన తర్వాత, ఆ ఒక్క కాలేజీకి, పన్నెండో తరగతి పరీక్షలతో వచ్చే ఉచిత అవకాశాన్ని వాడుకుని, అధికారిక రిపోర్టు పంపాలి. ఆ ఒక్క రిపోర్టులోనే తొమ్మిదో తరగతి నుంచి రాసిన పరీక్షలన్నీ వెళతాయి కాబట్టి, మీరు పోగొట్టుకున్నామనుకుంటున్న ఈ జూన్ గడువు వల్ల మీకు ఏ నష్టమూ జరగలేదు.

ఈ విషయంలో గందరగోళమంతా రెండు వేర్వేరు పనులను ఒకటిగా అనుకోవడం వల్ల వస్తుంది. మొదటిది విద్యార్థి తన స్కోర్లను తానే దరఖాస్తులో రాయడం. చాలా కాలేజీలకు ఉమ్మడిగా పనికొచ్చే ఆన్‌లైన్ దరఖాస్తు కామన్ యాప్‌లో పరీక్షల విభాగంలో ఏపీని ఎంచుకుంటే, సబ్జెక్టు, రాసిన నెల, వచ్చిన స్కోరు అడుగుతుంది, ఇకముందు రాయబోయే పరీక్షలను కూడా చెప్పుకునే వీలు ఇస్తుంది. అడ్మిషన్ అధికారి మీ అమ్మాయి ఫైలు చదివేటప్పుడు చూసేది ఈ సమాచారాన్నే. రెండవది కాలేజ్ బోర్డ్ నేరుగా కాలేజీకి పంపే అధికారిక రిపోర్టు. దాని అసలు ప్రయోజనం సీటు నిర్ణయంలో కాదు, సీటు వచ్చి చేరిన తర్వాత క్రెడిట్లు (డిగ్రీకి లెక్కలోకి వచ్చే కోర్సు పాయింట్లు) ఇవ్వడంలోనూ, ఏ స్థాయి కోర్సులో కూర్చోబెట్టాలో తేల్చడంలోనూ, విద్యార్థి దరఖాస్తులో రాసింది నిజమేనా అని సరిచూసుకోవడంలోనూ ఉంటుంది. అమెరికాలోని చాలా కాలేజీలు దరఖాస్తు దశలో మొదటిదానితోనే సరిపెట్టుకుంటాయి, రెండవదాన్ని చేరేవాళ్ల నుంచి మాత్రమే అడుగుతాయి.

డబ్బు విషయం కూడా చూద్దాం. ఉచిత అవకాశం కాకుండా విడిగా పంపించే ఒక్కో రిపోర్టుకు కాలేజ్ బోర్డ్ 15 డాలర్లు తీసుకుంటుంది. పన్నెండు కాలేజీలకు పంపితే 180 డాలర్లు. వాటిలో పదకొండింటిలో మీ అమ్మాయి చేరనే చేరదు కాబట్టి 165 డాలర్లు ఎవరికీ ఉపయోగపడని కాగితాల మీద పెట్టినట్టే అవుతుంది. దరఖాస్తు ఫీజులు, ఆర్థిక సాయం కోసం నింపే సీఎస్ఎస్ ప్రొఫైల్ ఫీజులు, కాలేజీ ప్రవేశ పరీక్ష అయిన ఎస్ఏటీ రిపోర్టుల ఖర్చు ఇప్పటికే నెత్తిన ఉన్న కుటుంబానికి ఇది చిన్న మొత్తమేమీ కాదు.

డబ్బు కంటే నేను ఎక్కువగా పట్టించుకునే కారణం ఇంకొకటి ఉంది. ఏపీ రిపోర్టులో ఏ స్కోరు పంపాలో మామూలుగా ఎంచుకునే వీలు లేదు. ఎస్ఏటీ విషయంలో స్కోర్ ఛాయిస్ ఉంటుంది, ఏ తేదీన రాసిన పరీక్ష పంపాలో మీరే నిర్ణయించుకోవచ్చు. మన పిల్లల తల్లిదండ్రుల్లో చాలామంది ఏపీకి కూడా అదే పద్ధతి ఉంటుందనుకుంటారు. ఏపీలో అలా లేదు. మీరు ఒక కాలేజీకి రిపోర్టు పంపించారంటే, విడిగా ఫీజు కట్టి ఏదైనా స్కోరును నిలిపివేయిస్తే తప్ప, తొమ్మిదో తరగతిలో రాసిన హ్యూమన్ జాగ్రఫీ 2తో సహా మొత్తం చరిత్ర వెళ్తుంది. అదే దరఖాస్తులో స్వయంగా నమోదు చేస్తే, కాలేజీ ప్రత్యేకంగా అన్నీ అడగనంతవరకు, రెండు 5లు, ఒక 4 మాత్రమే చూపించి మిగతావాటి గురించి మౌనంగా ఉండే హక్కు మీ అమ్మాయికి ఉంటుంది. ముందుగా అధికారిక రిపోర్టు పంపడమంటే ఆ హక్కును డబ్బులిచ్చి మరీ వదులుకోవడమే.

ఉచిత రిపోర్టు గడువు గురించి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే చిన్న తరగతుల పిల్లలున్న ఇళ్లలో దీనివల్లే తొందరపాటు జరుగుతోంది. ప్రతి సంవత్సరం ఏపీ పరీక్ష రాసిన విద్యార్థికి ఒక కాలేజీకి ఉచితంగా రిపోర్టు పంపే అవకాశం ఉంటుంది, దాన్ని జూన్ 20 లోగా కాలేజ్ బోర్డ్ వెబ్‌సైట్‌లోని మై ఏపీ ఖాతాలో ఎంచుకోవాలి. స్కోర్లు మాత్రం జూలై నెలలో గానీ రావు. అంటే తొమ్మిదో, పదో తరగతి పిల్లవాడు తనకు ఎంత వచ్చిందో తెలియకుండానే, తాను ఎప్పుడో రెండు మూడేళ్ల తర్వాత దరఖాస్తు చేస్తాడో లేదో తెలియని కాలేజీకి ఆ స్కోరు పంపుతున్నాడన్న మాట. ఉచితం కదా, వదిలేస్తే వృథా అవుతుందని స్టాన్‌ఫర్డ్ పేరు ఎంచుకున్న కుటుంబాలను నేను చూశాను. వాళ్లకు దానివల్ల లాభం ఏమీ కలగలేదు. పన్నెండో తరగతి జూన్ వరకు ఆ అవకాశాన్ని వాడకుండా ఉండడం ఏ రకంగానూ నష్టం కాదు, ఎందుకంటే చివరి ఏడాది పంపే రిపోర్టులో పాత సంవత్సరాలవన్నీ కలిసే వెళతాయి.

ఆసక్తి చూపడం గురించి మీ బంధువులు చెప్పిన మాట నిలవదు. విద్యార్థి ఆసక్తిని లెక్కలోకి తీసుకునే కాలేజీలు ఉన్నాయి, అయితే అవి చూసేది క్యాంపస్ సందర్శన, సమాచార సమావేశాలకు హాజరు కావడం, ఇంటర్వ్యూ, ఎర్లీ డెసిషన్‌లో (సీటు వస్తే చేరతామని మాట ఇచ్చి ముందుగా) దరఖాస్తు చేయడం వంటివి. స్కోరు రిపోర్టు వచ్చిందని ఒక విద్యార్థిని మెచ్చుకున్న కాలేజీ నాకు ఇంతవరకు ఎదురు కాలేదు. పైగా దరఖాస్తు లేకుండా స్కోరు మాత్రమే వస్తే, దాన్ని జతచేయడానికి అక్కడ ఫైలే ఉండదు. కొన్నిచోట్ల ఆ రికార్డు కంప్యూటర్‌లో విడిగా పడి ఉంటుంది, తర్వాత దరఖాస్తు వచ్చినప్పుడు పేరు, పుట్టిన తేదీ సరిపోలితేనే రెండూ కలుస్తాయి.

ఆ సరిపోలడం దగ్గరే మన తెలుగు కుటుంబాలకు ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉంది, దీని గురించి కొంచెం వివరంగా చెప్పడం అవసరం అనుకుంటున్నాను. మన పేర్లలో ఇంటిపేరు ఉంటుంది, ‘వెంకట’, ‘సాయి’, ‘లక్ష్మి’ వంటి మాటలు అసలు పేరుకు ముందు ఉంటాయి. పాస్‌పోర్టులో రెండు మాటల పేరు మొత్తం ఫస్ట్ నేమ్‌గా పడుతుంది, స్కూలు రికార్డులో అందులో ఒక మాట మిడిల్ నేమ్ అవుతుంది, కాలేజ్ బోర్డ్ ఖాతా తెరిచేటప్పుడు పిల్లలు తాము స్కూల్లో పిలిపించుకునే పొట్టి పేరు రాస్తారు. ఎనిమిదో తరగతిలో ఎస్ఏటీకి సన్నాహక పరీక్ష అయిన పీఎస్ఏటీ కోసం ఒక ఈమెయిలుతో ఖాతా తెరిచి, పదో తరగతిలో ఏపీ కోసం స్కూలు ఈమెయిలుతో ఇంకొక ఖాతా తెరిచిన పిల్లలు కూడా చాలామందే ఉన్నారు. అలాంటప్పుడు స్కోర్లు రెండు ఖాతాల మధ్య చీలిపోతాయి. తీరా చివరి ఏడాది రిపోర్టు పంపినప్పుడు అందులో సగం పరీక్షలు కనబడవు.

అందుకని ఈ శరదృతువులో మీరు డబ్బు ఖర్చు పెట్టకుండా చేయవలసిన పని ఒకటి ఉంది. మీ అమ్మాయి మై ఏపీ ఖాతాలోకి వెళ్లి ఆరు స్కోర్లూ ఒకే చోట కనబడుతున్నాయో లేదో చూడండి. అందులో ఉన్న పేరు, పుట్టిన తేదీ, కామన్ యాప్‌లో ఉన్నవి, స్కూలు ట్రాన్‌స్క్రిప్టులో (గ్రేడ్ల పట్టికలో) ఉన్నవి అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉన్నాయో లేదో పక్కపక్కన పెట్టి సరిచూడండి. తేడా ఉన్నా, ఏదైనా పరీక్ష కనబడకపోయినా, కాలేజ్ బోర్డ్‌లోని ఏపీ విద్యార్థుల సేవా విభాగానికి ఫోన్ చేసి ఖాతాలు కలపమని అడగాలి. ఆ పని జూలైలో అందరూ ఒకేసారి ఫోన్లు చేసే రోజుల్లో కంటే సెప్టెంబరులో ఎంతో తేలికగా అవుతుంది.

ఇక మీ జాబితాలోని కాలేజీల విషయానికి వద్దాం. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాకు, అంటే మీరు రాసిన బర్క్‌లీ, శాన్ డియేగో రెండింటికీ, కామన్ యాప్ పనికిరాదు, వాళ్ల సొంత దరఖాస్తు ఉంటుంది. అందులో కూడా ఏపీ స్కోర్లను విద్యార్థే నమోదు చేస్తుంది. 3 కంటే తక్కువ స్కోరు దరఖాస్తుకు నష్టం చేయదని యూనివర్సిటీయే చెబుతుంది కాబట్టి అక్కడ 2 ఉన్నా కంగారు పడనవసరం లేదు. ఈ యూనివర్సిటీ సీటు నిర్ణయంలో ఎస్ఏటీని, అలాంటిదే అయిన ఏసీటీని అసలు చూడదు. అందువల్ల దేశమంతటా ఒకేలా జరిగే పరీక్షల్లో ఆ అమ్మాయి ఎంత గట్టిదో వాళ్లకు చెప్పేవి ఏపీ స్కోర్లే. క్యాలిక్యులస్ బీసీ, కంప్యూటర్ సైన్స్ రెండింటిలోనూ 5 వచ్చిన విషయం అక్కడ తప్పకుండా కనబడాలి. అధికారిక రిపోర్టు మాత్రం చేరడానికి ఒప్పుకున్న తర్వాత, ఆ సంవత్సరం జూలై 15 నాటికి అందితే చాలు.

యూటీ ఆస్టిన్ (ఆస్టిన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్) విషయంలో టెక్సస్ తల్లిదండ్రులకు ఒక అపోహ ఉంది, ఏపీ పరీక్ష స్కోర్లు క్లాస్ ర్యాంకును పెంచుతాయని. ర్యాంకును నిర్ణయించేది స్కూల్లో ఆ కోర్సులో వచ్చిన గ్రేడు, దానికి స్కూలు జిల్లా ఇచ్చే అదనపు వెయిటేజీ. మే నెలలో రాసిన పరీక్షలో 5 వచ్చినా 1 వచ్చినా ర్యాంకు మారదు. 2026 ఫాల్ నుంచి ఆస్టిన్‌లో ఆటోమేటిక్ అడ్మిషన్ తమ స్కూలు తరగతిలో మొదటి 5 శాతంలో ఉన్నవారికే పరిమితమైంది, ఆ 5 శాతంలో ఉన్నా యూనివర్సిటీలో సీటు ఖాయమవుతుంది గానీ కంప్యూటర్ సైన్స్‌లోనే వస్తుందన్న హామీ ఉండదు. అందుకే ర్యాంకు బాగున్న పిల్లలు కూడా తమ విభాగానికి సంబంధించిన 5లను దరఖాస్తులో రాయాలి.

యేల్ మీ జాబితాలో ఉంది కాబట్టి దాని గురించి విడిగా జాగ్రత్త చెబుతున్నాను. 2024 ఫిబ్రవరిలో ఆ యూనివర్సిటీ తన పరీక్షల విధానాన్ని మార్చి, ఎస్ఏటీ లేదా ఏసీటీకి బదులు ఏపీ లేదా ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియేట్) స్కోర్లతో కూడా ఆ నిబంధనను పూర్తి చేయవచ్చని ప్రకటించింది. ఏపీ మార్గాన్ని ఎంచుకున్నవాళ్లు మాత్రం దరఖాస్తు నాటికి రాసిన ఏపీ పరీక్షలన్నింటి ఫలితాలూ చెప్పాలని అందులో ఉంది. మీ అమ్మాయి ఆ దారిలో వెళితే 2నూ, రెండు 3లనూ కూడా రాయాల్సి వస్తుంది. ఆమెకు మంచి ఎస్ఏటీ స్కోరు ఉందని మీరు రాశారు కాబట్టి యేల్‌కు ఆ స్కోరుతో నిబంధన పూర్తి చేయడమే మేలని నా అభిప్రాయం. ఇలాంటి విధానాలను కాలేజీలు ఈ మధ్య తరచుగా మారుస్తున్నాయి, అందువల్ల దరఖాస్తు పంపే వారంలో ఆ కాలేజీ అడ్మిషన్ పేజీని మీరే స్వయంగా తెరిచి చదవండి. రెండేళ్ల క్రితం ఎవరి అబ్బాయికో వర్తించిన నియమం మీ అమ్మాయికి వర్తించకపోవచ్చు.

ఏ స్కోర్లు రాయాలి, ఏవి వదిలేయాలి అన్నది ప్రతి తల్లీ అడిగే తర్వాతి ప్రశ్న. 5, 4 ఎక్కడైనా రాయండి. 1, 2 కాలేజీ అడగనంతవరకు రాయవద్దు. 3 విషయంలోనే ఆలోచన కావాలి. మీ అమ్మాయి కంప్యూటర్ సైన్స్ అడుగుతోంది కాబట్టి వరల్డ్ హిస్టరీలో 3, ఇంగ్లీష్ లాంగ్వేజ్‌లో 3 ఆమె ప్రధాన విషయానికి దెబ్బ తీయవు. టెక్సస్‌లోని ప్రభుత్వ కాలేజీలకు ఆ రెండూ రాయడంలో నాకు అభ్యంతరం కనబడదు. అత్యంత పోటీ ఉన్న ప్రైవేటు కాలేజీలకు పంపేటప్పుడు నేనైతే వాటిని తీసేయమంటాను. అదే క్యాలిక్యులస్‌లో 3 వచ్చి ఇంజనీరింగ్ అడుగుతుంటే నా సలహా వేరుగా ఉండేది. కామన్ యాప్‌లో పరీక్షల విభాగం అన్ని కాలేజీలకూ ఒకటే అయినా, ఒక కాలేజీకి దరఖాస్తు సమర్పించిన తర్వాత దాన్ని మార్చి మరో కాలేజీకి సమర్పించే వీలుంది కాబట్టి ఇలా వేర్వేరుగా చేయడం కష్టం కాదు.

ఇక్కడ ఒక విషయం మీ కౌన్సెలర్‌ను తప్పకుండా అడగండి. కొన్ని స్కూళ్లు ఏపీ పరీక్ష స్కోర్లను ట్రాన్‌స్క్రిప్టు మీదే ముద్రిస్తాయి. మీ స్కూలు అలా చేస్తుంటే, దరఖాస్తులో 2 రాయకపోయినా అది ఎలాగూ కాలేజీకి చేరుతుంది. అప్పుడు దాచే ఆలోచన మానేసి, ఆ తొమ్మిదో తరగతి స్కోరు తర్వాత ఆ పిల్ల ఎంత ఎదిగిందో తక్కిన స్కోర్లే చెబుతాయని ధైర్యంగా ఉండడం మంచిది. పద్నాలుగేళ్ల వయసులో మొదటిసారి కాలేజీ స్థాయి పరీక్ష రాసిన పిల్లకు 2 రావడం అడ్మిషన్ అధికారులు రోజూ చూసే విషయమే.

వదిలేయడం వేరు, తప్పు రాయడం వేరు. 3ను 4గా రాయడం, రాయని పరీక్షను రాసినట్టు చూపడం సీటు పోగొట్టుకునే పని. చేరిన తర్వాత అధికారిక రిపోర్టు వచ్చినప్పుడు కాలేజీలు రెండింటినీ పోల్చి చూస్తాయి, తేడా ఉంటే ఇచ్చిన ఆఫర్‌ను వెనక్కు తీసుకునే అధికారం వాళ్లకు ఉంటుంది. అందుకే పిల్లలు జ్ఞాపకం మీద కాకుండా మై ఏపీ పేజీని తెరిచి, అందులో ఉన్న సబ్జెక్టు పేరు, సంవత్సరం, స్కోరు యథాతథంగా చూసి రాయాలి. క్యాలిక్యులస్ బీసీ రాసినవాళ్లకు రిపోర్టులో ఏబీ సబ్‌స్కోరు (బీసీలో ఉండే ఏబీ స్థాయి భాగానికి స్కోరు) కూడా విడిగా వస్తుంది. దాన్ని ఇంకొక పరీక్షగా లెక్కపెట్టి రాసిన పిల్లలు ఉన్నారు, ఆ పొరపాటు జరగకుండా చూసుకోండి.

ఆ 2ను రద్దు చేయించాలా అన్న ప్రశ్నకు వద్దనే చెబుతాను. రద్దు చేయడానికి ఫీజు లేదు, కానీ రద్దయిన స్కోరు శాశ్వతంగా పోతుంది, తిరిగి తెచ్చుకోవడం కుదరదు, పరీక్ష ఫీజు కూడా వెనక్కు రాదు. రద్దుకు బదులుగా ఒక స్కోరును ఒక కాలేజీకి వెళ్లకుండా నిలిపివేయించే పద్ధతి కూడా ఉంది, దానికి ఒక్కో స్కోరుకు ఒక్కో కాలేజీకి 10 డాలర్లు అవుతుంది. ఆ ఏడాది ఉచిత రిపోర్టు నుంచి ఒక స్కోరును తప్పించాలంటే ఈ రెండింటిలో ఏదైనా జూన్ 15 లోగా అడగాలి. అయితే ఆ అవసరం మీకు రాదు. మీ అమ్మాయి అధికారిక రిపోర్టు చేరేసరికి సీటు ఖాయమై ఉంటుంది. అప్పుడు దాన్ని చూసేవాళ్లు క్రెడిట్లు నమోదు చేసే ఉద్యోగులు. వాళ్లు 2 దగ్గర క్రెడిట్ ఇవ్వకుండా ముందుకు వెళ్లిపోతారు, అంతకుమించి ఏమీ జరగదు. ఒక ఏపీ స్కోరు తక్కువ వచ్చిందని అమెరికా కాలేజీలు ఇచ్చిన సీటు తీసేయవు. వాళ్లు పట్టించుకునేది పన్నెండో తరగతి చివరి ట్రాన్‌స్క్రిప్టులో గ్రేడ్లు బాగా పడిపోయాయా అన్నది.

ఇంగ్లాండ్‌కు దరఖాస్తు చేసేవాళ్లకు మాత్రం ఈ మాటలు వర్తించవు. అమెరికా పద్ధతిలో చదివినవాళ్లకు అక్కడి చాలా యూనివర్సిటీల్లో ఏపీ స్కోర్లే ముఖ్య అర్హత. ఆక్స్‌ఫర్డ్ వంటి చోట్ల కొన్ని ఏపీలలో 5 తెచ్చుకోవాలన్న షరతు మీద ఆఫర్ ఇస్తారు, మే నెలలో రాయబోయే పరీక్ష ఫలితం మీదే ఆ సీటు ఆధారపడి ఉంటుంది. అక్కడి ఉమ్మడి దరఖాస్తు అయిన యూకాస్‌లో, రాసిన పరీక్షలన్నీ పేర్కొనాలి, ఆ యూనివర్సిటీ అడిగిన సమయానికి అధికారిక రిపోర్టు అందాలి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉండి, సీబీఎస్ఈ లేదా ఇంటర్‌తో పాటు సొంతంగా ఏపీ చదువుకుని పరీక్ష రాస్తున్న పిల్లల్లో అమెరికా, ఇంగ్లాండ్ రెండింటికీ దరఖాస్తు చేసేవాళ్లు ఈ తేడాను మొదటి నుంచే మనసులో పెట్టుకోవాలి. అమెరికా దరఖాస్తుల్లో వాళ్లూ మీ అమ్మాయిలాగే స్వయంగా నమోదు చేయవచ్చు, డాలర్లలో పన్నెండు రిపోర్టులు కొనుక్కోనవసరం లేదు.

ముందుగా డబ్బు చెల్లించి పంపడం నిజంగా అవసరమయ్యే సందర్భాలు కొన్ని ఉన్నాయి. దరఖాస్తుతో పాటే అధికారిక రిపోర్టు కావాలని కాలేజీ తన పేజీలో రాస్తే పంపక తప్పదు, అలాంటివి తక్కువే అయినా లేకపోలేదు. విద్యార్థి పన్నెండో తరగతిలో ఏపీ పరీక్షలేవీ రాయకపోతే ఆ ఏడాది ఉచిత అవకాశం ఉండదు, అప్పుడు చేరే కాలేజీకి ఒక్కసారి 15 డాలర్లు కట్టి పాత స్కోర్లు పంపాలి. మూడవది చాలామంది గమనించనిది. జూన్‌లో ఎంచుకున్న ఉచిత రిపోర్టు కొత్త స్కోర్లతో కలిసి జూలైలో గానీ బయలుదేరదు. పెద్ద ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఓరియెంటేషన్లు, మొదటి సెమిస్టర్ కోర్సుల నమోదు జూన్‌లోనే మొదలవుతాయి. క్యాలిక్యులస్ 5 అప్పటికే వాళ్ల రికార్డులో ఉంటేనే తర్వాతి స్థాయి గణితం కోర్సులో సీటు దొరుకుతుంది. మీ అమ్మాయి ఓరియెంటేషన్ జూన్‌లో పడితే, మే మొదటి వారంలో చేరే కాలేజీ ఖాయమయ్యాక, అప్పటికి ఉన్న ఆరు స్కోర్లను 15 డాలర్లు పెట్టి ముందుగా పంపండి, కొత్తవాటిని జూలైలో ఉచిత రిపోర్టుతో పంపండి. ఆ 15 డాలర్లు ఖర్చు పెట్టడంలో అర్థం ఉంది.

స్కోర్లు పంపే ముందు ఆ కాలేజీ క్రెడిట్ల విధానం చదవడం కూడా అంతే అవసరం. టెక్సస్‌లో 2015లో వచ్చిన చట్టం ప్రకారం ప్రభుత్వ కాలేజీలు సాధారణంగా 3కు క్రెడిట్ ఇవ్వాలి. అందువల్ల మీ అమ్మాయి ఆస్టిన్‌లోనో కాలేజ్ స్టేషన్‌లోని టెక్సస్ ఏ అండ్ ఎంలోనో చేరితే దరఖాస్తులో మనం పెద్దగా విలువ ఇవ్వని ఆ వరల్డ్ హిస్టరీ 3, ఇంగ్లీష్ 3 కూడా క్రెడిట్లుగా మారే వీలుంది. మరోవైపు కాల్‌టెక్ ఏపీకి క్రెడిట్ ఇవ్వదు, డార్ట్‌మత్ 2018లో పట్టా తీసుకునే తరగతి నుంచి దాన్ని ఆపేసింది, ఎంఐటీ క్యాలిక్యులస్ బీసీ 5కు మొదటి గణితం కోర్సు క్రెడిట్ ఇస్తుంది గానీ చాలా ఇతర సబ్జెక్టులకు ఇవ్వదు. ఒకే ఆరు స్కోర్లకు ఒక కాలేజీలో ఒక సెమిస్టర్ పైగా విలువ వచ్చి, ఇంకొక కాలేజీలో ఏమీ రాకపోవచ్చు. ఏ ఆఫర్ ఒప్పుకోవాలో ఏప్రిల్‌లో ఫీజులు పోల్చుకునేటప్పుడు ఈ లెక్క కూడా కలుపుకోండి.

యూటీ ఆస్టిన్‌లో ఇంకొక సంగతి ఉంది. స్కోరు అక్కడికి చేరినంత మాత్రాన క్రెడిట్ రికార్డులో పడదు, విద్యార్థే దాన్ని క్లెయిమ్ చేసుకోవాలి. అకడమిక్ అడ్వైజర్‌తో మాట్లాడకుండా అన్నీ ఒకేసారి క్లెయిమ్ చేయవద్దని గట్టిగా చెబుతాను. తర్వాత మెడిసిన్ వైపు వెళ్లాలనుకునే పిల్లలకు ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే బయాలజీ, కెమిస్ట్రీ వంటి తప్పనిసరి కోర్సులకు ఏపీ క్రెడిట్‌ను ఒప్పుకోని మెడికల్ స్కూళ్లు చాలా ఉన్నాయి.

మీ ఇంట్లో వచ్చే పది నెలల్లో జరగవలసిన పనుల క్రమం ఇలా ఉంటుంది. సెప్టెంబరులో ఖాతా, పేరు సరిచూసుకోవడం, ట్రాన్‌స్క్రిప్టు మీద స్కోర్లు ఉన్నాయేమో కౌన్సెలర్‌ను అడగడం. అక్టోబరులో ఒక్కో కాలేజీ పేజీ చదివి, ఏ స్కోర్లు రాయాలో మీ అమ్మాయితో కూర్చుని తేల్చుకోవడం, ఈ ఏడాది రాయబోయే ఫిజిక్స్ సి, స్టాటిస్టిక్స్ పరీక్షలను రాయబోయేవాటిగా చేర్చడం. మే 1 నాటికి కాలేజీ తేలాక, జూన్ 20 లోగా మై ఏపీలో ఆ కాలేజీని ఎంచుకోవడం. జూలై మూడో వారంలో కాలేజీ పోర్టల్ తెరిచి ఎనిమిది పరీక్షలూ నమోదయ్యాయో లేదో చూసుకోండి. ఏదైనా కనబడకపోతే, కాలేజ్ బోర్డ్ ఖాతాలో రిపోర్టు వెళ్లిన తేదీని, అందులో ముద్రించిన పేరును చూపుతూ కాలేజీ రిజిస్ట్రార్ ఆఫీసుకు మీ అమ్మాయే ఈమెయిలు రాయాలి.